పన్నెండో సీసా

సాయన్న రైలు దిగేటప్పటికే ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

సికింద్రాబాద్ స్టేషన్. 1943 జూలై నెల, పొద్దున తొమ్మిది గంటలు. మూడో తరగతి పెట్టె ఎదురుగా అరటిపళ్ళ బుట్టతో నిలబడ్డ మనిషి అది చూసి ముందుకు అడుగేయబోయి ఆగాడు. ముందు కోడ్ మాట. ఆ తర్వాతే ఏదైనా.

"గద్వాల చీర ఉందా? అంచు లేనిది?"

"అంచు లేంది మా ఊర్ల నెయ్యరు," అన్నాడు సాయన్న. తడిసిన కండువాను ముక్కుకు గట్టిగా నొక్కుకున్నాడు. "నువ్వేనా సారూ? జర కూసోనియ్యి. మూడు దినాల సంది ఇది ఆగుతలేదు."

బెంచీ మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. తలపాగా మడతలోంచి జానెడు పట్టుగుడ్డ తీసి అరటిపళ్ళ కింద దూర్చాడు. గుడ్డ ఒకవైపు పట్టు, రెండోవైపు నల్లటి రబ్బరు.

"రెయిన్‌కోట్లు కాదు సారూ. కోట్లని చెప్పిన్రు. సంచులు. ఏట్ల ఇడిసే సంచులు."

ఆ మధ్యాహ్నమే సాయన్న చనిపోయాడు. ప్రాణం పోయేదాకా అరటిపళ్ళ మనిషి అతని చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ మనిషి పేరు మద్దిలేటి. మిలిటరీ ఇంటెలిజెన్స్ రికార్డుల్లో ఏజెంట్ పదిహేడు. పుట్టింది ఉప్పునుంతలలో ఒక కూలి ఇంట్లో. మిషన్ బడి పుణ్యమా అని కెమిస్ట్రీ డిగ్రీ దాకా వచ్చి, నాలుగేళ్ళు లేబొరేటరీలో, రెండేళ్ళు మారువేషాల్లో బతికాడు.

మర్నాడు మేజర్ ప్రెస్కాట్ పోస్ట్‌మార్టమ్ రిపోర్టును టేబుల్ మీద పడేశాడు.

"కత్తి లేదు. తూటా లేదు. పొట్టలో విషం లేదు. ఎముక కోసి చూస్తే మజ్జ ఉండాల్సిన చోట పచ్చటి కొవ్వు. ఒంట్లో నెత్తురు తయారు కావడమే ఆగిపోయింది. ఇది హత్య అయితే, ఆయుధం ఏది?"

మద్దిలేటి పట్టుగుడ్డ వాసన చూశాడు. పెట్రోల్ లాగా ఉంది, కొంచెం తియ్యగా ఉంది.

"బెంజీన్ సార్. రబ్బరును కరిగించి గుడ్డకు పూయడానికి వాడతారు."

"అది అంత విషమా?"

"లోపలికి పోయేది బెంజీనే. చంపేది వేరే సార్. అది నీళ్ళలో కరగదు, ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోదు. అందుకని కాలేయం దానికి ఆక్సిజన్ తగిలించి ఫినాల్ చేస్తుంది. కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది హైడ్రోక్వినోన్ అవుతుంది. అది మరో మెట్టు దాటితే క్వినోన్. దేనికి తగిలితే దాన్ని పట్టుకుని పాడు చేసే రకం. ఇవి నెత్తురు వెంట మజ్జకు చేరతాయి. అక్కడ సరిగ్గా ఏం జరుగుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. జరిగాక మాత్రం ఇలా ఉంటుంది."

"అంటే దాన్ని వదిలించుకోబోయి ఒళ్ళే విషం తయారు చేసుకుంటుంది."

"అవును సార్."

"విరుగుడు?"

"లేదు. నెత్తురెక్కిస్తే కొన్ని వారాలు నడుస్తుంది."

మేజర్ ఫైలు తెరిచాడు. గద్వాలలో కెల్లర్ అనే వానకోట్ల వ్యాపారి ఉన్నాడు. స్విస్ పాస్‌పోర్టు, జర్మన్ జీతం. అతని ముఠా కార్ఖానా ఎక్కడుందో, గురి దేని మీదో కనిపెట్టాలి. అక్కడ ఇప్పటికే ఒక ఏజెంటు ఉంది. రేణుక. బొంబాయి నాటకరంగంలో పేరున్న నటి, పుట్టింది గద్వాలలోనే. పట్టు వ్యాపారి వేషంలో ఆరు నెలలుగా కెల్లర్ వెంట తిరుగుతోంది.

"ఆరు నెలల్లో కార్ఖానా దొరకలేదా సార్?"

"దొరకలేదనే రాస్తోంది," అన్నాడు మేజర్.

ఆగస్టు మొదటి వారానికి గద్వాల వీధుల్లో మలేరియా కంపౌండర్ వేషంలో మద్దిలేటి అందరికీ తెలిసిన మనిషైపోయాడు. ఖాకీ నిక్కరు, నల్ల గొడుగు, చెక్కపెట్టె. ఇంటింటికీ క్వినైన్ మాత్రలు పంచేవాడు. మందు ఒంటికి పట్టిందో లేదో చూడాలని మూత్రం సీసాలు పట్టుకుపోయేవాడు. జనం వెనక నవ్వుకునేవారు. పెట్టెకు ఎడమ కీలు నొక్కితే అడుగున రహస్యపు అర తెరుచుకునేది. అందులో స్పిరిట్ దీపం, వేలెడంత గాజు బట్టీ, బ్రోమిన్ నీళ్ళు. మూత్రంలో ఆసిడ్ వేసి కాచి, ఆ ఆవిరిని చల్లార్చి, బ్రోమిన్ చుక్కలు వేస్తే ఫినాల్ ఉన్నచోట తెల్లటి మడ్డి దిగుతుంది. మామూలు మనిషిది కొద్దిగా మసకబారి ఊరుకుంటుంది. బెంజీన్ పీల్చేవాడిది పాలలా విరుగుతుంది. ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో నోరు విప్పకపోయినా, ఆ సీసా చూస్తే తెలిసిపోతుంది.

రేణుక మేడలో కోడ్ మాటలు సవ్యంగా కలిశాయి. "అమ్మగారికి చలిజ్వరమా?" "చలి లేదు, ఉక్కపోతే." ఆమె నవ్వితే గదిలో దీపం పెట్టినట్టుంది. మోచేతుల దాకా జాకెట్టు, జరీ పైట, బొంబాయి అత్తరు. హార్మోనియం పైపలక ఎత్తి లోపలున్న వైర్‌లెస్ సెట్టు చూపించింది.

"కార్ఖానా ఇక్కడ లేదు. సరుకు నాగర్‌కర్నూల్ దారిన అచ్చంపేట వైపు వెళ్తోంది. నల్లమల అంచున ఎక్కడో ఉంది. మేజర్‌గారికి చెప్పండి, బలగాన్ని అటు పంపమనండి."

మద్దిలేటి ఆ మాటే పంపాడు. నలభై మంది సాయుధులు అచ్చంపేటకు బయల్దేరారు.

ఆ మర్నాడు అతను జోగులమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇంట్లో మగ్గం గుంట మీద చాప పరిచి ఉంది. పట్టు నూలు దొరక్క ఏడాదిగా నేత లేదు. ఆమెకు నలభై ఉండవు, గోడ పట్టుకుని నడుస్తోంది. కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. సున్నం లాగా తెల్లగా ఉంది.

"ఏం పని చేస్తున్నవక్కా?"

"రెయిన్‌కోట్ల కార్ఖానాల. పరదా బండ్ల తోలుకపోతరు. ఏడనో మాకు తెల్వదు. పాకం పూస్తం, అతుకులు అంటిస్తం. ఏటి సప్పుడైతే ఇనబడ్తది." ఆయాసంతో ఆగింది. "నువ్వు పట్నం నుంచి వస్తివి గద సారూ. మా ఆయన దవాఖానకని పట్నమే పోయిండు. సాయన్న అంటరు. ఏడన్న కనబడ్డడా?"

మద్దిలేటి పెట్టె మూత సర్దాడు. మూడుసార్లు సర్దాడు.

"పట్నం పెద్దది అక్కా," అన్నాడు.

ఆ వీధిలో పదకొండు సీసాలు పాలలా విరిగాయి. పదకొండు మందీ ఒకే బండిలో పోయేవాళ్ళు. ఏటి చప్పుడు వినబడేది కృష్ణ ఒడ్డున గానీ, అచ్చంపేట అడవిలో కాదు. రేణుక పొరబడిందా?

ఆ ప్రశ్నకు కెల్లరే తెలియక జవాబిచ్చాడు. మద్దిలేటి రేణుక మేడలో ఉండగా వచ్చి, పెట్టె మీద కాలు పెట్టాడు.

"ఊరందరి దగ్గరా సీసాలు తీసుకుంటావట. ఈమె దగ్గర తీసుకోవేం? నువ్వు నిజంగా కంపౌండర్‌వేనా?"

రేణుక పకపకా నవ్వింది. "ఇవ్వండి సీసా. దొరవారి అనుమానం తీరుతుంది."

ఆ పన్నెండో సీసాకు మద్దిలేటి రెండుసార్లు పరీక్ష చేశాడు. పక్కనే తన సీసా పెట్టి పోల్చుకున్నాడు. తనది మసకబారింది. ఆమెది అన్నింటికంటే చిక్కగా విరిగింది. ఫినాల్ ఉండే కార్బాలిక్ మందు మింగినా ఇలాగే వస్తుందని తనకు తానే చెప్పుకున్నాడు. కానీ ఆమె సీసా అందించేటప్పుడు జాకెట్టు అంచు కింద నల్లటి కమిలిన మచ్చలు చూశాడు. దెబ్బ తగలకుండా కమిలినవి. సాయన్న ఒంటి మీదా అవే ఉన్నాయి.

ఆగస్టు పదమూడు, శుక్రవారం పొద్దున ఆమె వైర్‌లెస్ జోలికి పోకుండా తంతి ఆఫీసుకు బయల్దేరాడు. దారిలో మోటారు కారు పక్కకొచ్చి ఆగింది.

"ఎక్కండి కంపౌండర్ గారూ. రోగి ఎదురు చూస్తున్నాడు."

జరీ పైట కింద పిస్తోలు గొట్టం కనిపిస్తోంది. అతను ఎక్కాడు.

"చెప్పులు విప్పండి. మడమలో బ్లేడు ఉంటుంది. నాకూ ట్రైనింగ్ ఇచ్చింది వాళ్ళే."

రైలు వంతెనకు మైలున్నర ఎగువన, కృష్ణ ఒడ్డున పాడుబడ్డ పత్తి గోదాము. కిటికీలన్నిటికీ ఇటుకలు పేర్చి ఉన్నాయి. లోపల ఆ తియ్యటి వాసన గొంతులో దిగబడింది. తాళ్ళకు పన్నెండు పట్టు సంచులు వేలాడుతున్నాయి, ఒక్కొక్కటి దున్నపోతంత. అతన్ని కాపలావాళ్ళతో స్తంభానికి కట్టించి వాళ్ళను బయటికి పంపింది.

"ఎట్ల తెలిసింది నీకు?" బొంబాయి తెలుగు జారిపోయి గద్వాల మాట బయటపడింది.

"నీ సీసా చెప్పింది. రోజూ ఈ గాలి పీల్చేటోళ్ళకే అట్ల అయితది. ఎందుకు చేస్తున్నవ్ రేణుకా?"

"పోయిన ఆగస్టుల, బొంబాయి ఊరేగింపుల మా అన్న మీద తూటా పేల్చిన్రు. సర్కారు నౌకరి గా దినంతోనే తీరిపోయింది. ఈ మాపు నాలుగు నలభైకి తుపాకి మందు రైలు వంతెన మీదికి వస్తది. పేలే మందు నింపి, రెండేసి సంచులు తాడుతో కట్టి ఏట్ల ఇడుస్తం. తాడు పోయి వంతెన కంబానికి తగుల్కుంటది, సంచులు అటొకటి ఇటొకటి ఆన్కుంటయ్. తాడు బిగిస్తే పిన్ను ఊడ్తది. తెల్లోని రైలు పడితే నీకేంది?"

"తెల్లోని పెట్టెలు రెండే. ఎనక ఆరు పెట్టెలు మనోళ్ళు. వనపర్తి రోడ్ స్టేషన్‌ల మేస్త్రీ పోగేస్తుంటే నేనే మాత్రలు పంచిన. లింగాలోళ్ళు, మా ఉప్పునుంతలోళ్ళు. ఎయిర్‌ఫీల్డ్ పనికి పోతున్న కూలోళ్ళు. నాలుగొందల మంది."

"అబద్ధం! అది మిలిటరీ స్పెషల్."

"పోయి నీ దొరను అడుగు. నీ చేతి మీద ఆ మచ్చలు ఎన్నాళ్ళ సందో గూడ చెప్తవా? పండ్లు తోముతుంటే నెత్తురు వస్తుందా?"

ఆమె పైట మోచేతి మీదికి లాక్కుంది. బయటికి వెళ్ళిపోయింది. వరండాలోంచి ఆమె గొంతు, తర్వాత కెల్లర్ నవ్వు వినిపించాయి. "యుద్ధంలో పెట్టెలు లెక్కపెట్టం రేణుకా. వెళ్ళి ఆఖరి పూత పూయించు."

తలుపు తెరుచుకుంది. పాకం డబ్బా మోసుకుంటూ జోగులమ్మ వచ్చింది. వెనక మిగిలిన పది మంది. స్తంభానికి కట్టిన మనిషిని చూసి ఆమె డబ్బా దించింది.

"అయ్యో కంపౌండర్ సారూ, గిదేంది?"

మద్దిలేటికి ఇక దాచడానికి ఓపిక లేదు.

"అక్కా, సాయన్న లేడు. పట్నం స్టేషన్‌ల దిగిన దినమే పోయిండు. నా చెయ్యి పట్టుకొనే పోయిండు. ఈ వాసనే చంపింది."

జోగులమ్మ పాకం డబ్బాను పక్కకు తోసింది. "నా ఇంటికొచ్చిన దినమే చెప్పకపోతివి," అంది. "రెండు పూటలా అన్నం ఉంచి ఎదురుచూస్తున్న సారూ."

ఆమే వంగి కట్లు విప్పడం మొదలుపెట్టింది. వేళ్ళలో బలం లేక పక్కవాళ్ళు సాయం పట్టారు. రైలు సంగతి, నాలుగొందల మంది సంగతి అతను గబగబా చెప్పేశాడు. వాకిట్లో కెల్లర్ మనుషులు నలుగురు తుపాకులతో ఉన్నారు. బయటపడే దారి లేదు.

"అతుకులు దేంతోని అంటించిన్రు?"

"గీ రబ్బరు పాకంతోనే."

"రబ్బరు కలపని ఒట్టి బెంజీన్ రుద్దితే?"

"ఊడొస్తది. చేతులకంటిన పాకం మేం దాంతోనే కడుగుతం." జోగులమ్మకు అర్థమైంది. "లోపలి దిక్కు నానబెట్టి, పైన పలచగ పాకం పూస్త. చూస్తె కొత్త అతుకు లెక్కనే ఉంటది. నీళ్ళల్ల పడ్డంక గానీ ఇచ్చుకోదు."

"అక్కా, జర ఆగు." మద్దిలేటి ఆమెకు అడ్డం వచ్చాడు. "తలుపు మూసిన గదిల గంటసేపు ఒట్టి బెంజీన్. మీ ఒంట్ల ఉన్నదే ఎక్కువ. దీంతోని..."

"ఎన్ని దినాలు తగ్గుతయ్?"

"తెల్వదు."

"చెయ్యకుంటె బతుకుతమా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఈసారి ఆమె అడగ్గానే నిజం ముఖం మీద చెప్పాడు. పదకొండు మందిలో ఒకడైన మాసయ్య కూర్చుని ఏడ్చాడు. తర్వాత కుంచె తీసుకున్నాడు. మద్దిలేటి కూడా చొక్కా చేతులు పైకి మడిచాడు.

మూడో సంచి దగ్గర ఉండగా తలుపులో నీడ పడింది. రేణుక. చేతిలో పిస్తోలు అలాగే ఉంది. తడిసిన అతుకులను చూసింది, జోగులమ్మ చేతులను చూసింది, తన మోచేతిని చూసుకుంది.

"ఎంతసేపు కావాలె?"

"గంట."

ఆమె తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. కాసేపటికి, కారులోంచి దింపించిన హార్మోనియం వరండాలో మోగింది. బొంబాయిలో టిక్కెట్టు కొన్నవాళ్ళకు కూడా అంత పాట దొరికి ఉండదు. రాగం మీద రాగం, ఊపిరి అందకపోయినా ఆపకుండా గంటసేపు పాడింది. కెల్లర్ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. లోపల పన్నెండు మంది ఆ పాటకు కుంచెలు కదిలించారు. ఇద్దరు స్పృహ తప్పితే పక్కకు పడుకోబెట్టి మిగిలినవాళ్ళు కానిచ్చారు.

నాలుగింటికి కెల్లర్ మనుషులు మందు నింపిన సంచులను ఏట్లో వదిలారు. కృష్ణ ఎర్రగా, నిండుగా ఉంది. ఆరు జతలూ వరసగా దిగువకు సాగాయి. కాపలావాళ్ళు సామాను లారీకెక్కిస్తున్నారు. కెల్లర్ దూరదర్శినితో ఒడ్డున నిలబడ్డాడు, పక్కన రేణుక. సంచులు మోసుకుపోయేదాకా తాడు వదులుగా చుట్టుకుని స్తంభానికి ఆనుకున్న మద్దిలేటి, ఇప్పుడు గోదాము వెనక ఇటుకల సందులోంచి చూస్తున్నాడు.

మొదటి జత సగం దారిలో వంగి మునిగింది. తర్వాత రెండోది. మూడు, నాలుగు ఒకదాని వెంట ఒకటి ఖాళీ తిత్తుల్లా ముడుచుకుపోయాయి. కెల్లర్ దూరదర్శిని దించి రేణుక వైపు తిరిగాడు.

"గంటసేపు పాడావు," అన్నాడు నెమ్మదిగా. పిస్తోలు తీసి కాల్చాడు. ఆమె పక్కకు వంగింది. తూటా భుజం తోలు గీరుకుంటూ పోయింది. రెండోసారి కాల్చేలోపు వెనకనుంచి పడవ తెడ్డు అతని తల మీద పడింది. జోగులమ్మ ఆ తెడ్డు ఎత్తడానికి ఒంట్లో ఉన్నదంతా వాడేసి, అక్కడే కూలబడింది. తమ దొర పడిపోవడం చూసి కాపలావాళ్ళు లారీ ఎక్కి ఉడాయించారు.

మద్దిలేటి పరుగెత్తుకొచ్చి దూరదర్శిని అందుకున్నాడు. ఐదో జత లేదు. ఆరోది ఉంది. అది సరిగ్గా తేలుతోంది. స్పృహ తప్పినవాడు రుద్దిన సంచులేమో, అతుకు ఇంకా విచ్చుకోలేదు. వంతెన మీద ఇంజను పొగ కనిపించింది. తాడు మూడో స్తంభానికి తగిలింది. రెండు సంచులూ రెండు పక్కలా తిరిగి రాతికి ఆనుకున్నాయి. పైన తుపాకి మందు పెట్టెలు, వాటి వెనక తలుపుల్లో వేలాడుతున్న తలపాగాలు. తాడు బిగిసింది. పిన్ను ఊడే ఉంటుంది. అతను కళ్ళు మూసుకోలేకపోయాడు.

రాతి ఒరిపిడికి ఒక సంచి అతుకు బారుగా విచ్చుకుంది. రెండోది దాన్ని అనుసరించింది. లోపలి మందు నిప్పు అందుకునేలోపే నీళ్ళు తాగేసింది. నాలుగు బుడగలు పైకొచ్చాయి. రైలు గద్వాల వైపు కూత వేసుకుంటూ పోయింది. ఎవరో కూలి సరదాగా ఒడ్డు వైపు చెయ్యి ఊపాడు.

రేణుక భుజం మీద గాయం గీతంతే. మామూలు మనిషికి పసుపు అద్దితే ఆగే గాయం. ఎన్ని గుడ్డలు కట్టినా నెత్తురు ఆగలేదు. దవాఖానలో మద్దిలేటి పక్కనే కూర్చున్నాడు.

"గింత దానికేనా?" అని అడిగింది.

"నెత్తురు గడ్డకట్టాలంటే మజ్జ పని చెయ్యాలె."

"ముందుగాల్నే తెలిస్తే..." అని ఆగింది. ఏం చేసేదో ఆమెకూ తెలిసినట్టు లేదు. "గంటసేపు పాడిన. ఒక్కడు చప్పట్లు కొట్టలే."

మర్నాడు మధ్యాహ్నం పోయింది. దసరాలోపు ఆ వీధిలో తొమ్మిది మంది పోయారు. మద్దిలేటి సికింద్రాబాద్ నుంచి నెత్తురు తెప్పించాడు, కాలేయం పులుసు తాగించాడు, తనకు తెలిసిన ప్రతి డాక్టరుకూ ఉత్తరం రాశాడు. జోగులమ్మ అందరికంటే ఎక్కువ రోజులు నిలిచింది. చివర్లో ఆమె అతన్ని క్షమించిందో లేదో తెలియదు. సాయన్నను ఏడ పెట్టిన్రో గుర్తుపెట్టుకోమని మాత్రం అడిగింది.

అతను ఇరవై రెండు పేజీల రిపోర్టు రాశాడు. బెంజీన్ ఒంట్లో ఏమవుతుందో మెట్టు మెట్టుగా రాశాడు. గోదాములోని బెంజీన్ పీపాలు తగలబెట్టమన్నాడు. ఎక్కడైనా ఈ పని తప్పదంటే నాలుగువైపులా కిటికీలు పెట్టమన్నాడు.

నవంబరులో మేజర్ పిలిపించాడు.

"అభినందనలు. కెల్లర్ నోరు విప్పాడు, ముఠా మొత్తం దొరికింది. ఇంకో మంచి వార్త. ఆ గోదాము, పీపాలు, మిగిలిన సామాను భేషుగ్గా ఉన్నాయట. సైన్యానికి వానకోట్లు కావాలి. సప్లై బోర్డు దాన్ని తీసుకుంది. సోమవారం నుంచి పని. అదే వీధిలో ముప్పై మంది చేరారు, నేత లేదు కదా పాపం."

మద్దిలేటి కుర్చీ చేతిని పట్టుకున్నాడు. "సార్, నా రిపోర్టు?"

"శ్రద్ధగా చదివారయ్యా. కిటికీలు పెడితే తడి రబ్బరు మీద దుమ్ము పడుతుందన్నారు. అయినా నీ సేవలను గౌరవించి ఒక కిటికీ శాంక్షన్ చేశారు." మేజర్ చుట్ట వెలిగించుకున్నాడు. "తెరవడానికి వీల్లేకుండా అద్దం బిగించి."